సంతోష్ బిగించిన డ్రమ్ము

సంతోష్ పోయిన రోజు పొద్దున స్నేర్ అనే చిన్న డ్రమ్ముకు కొత్త స్కిన్ వేసి బిగించాడు. ఆ సాయంత్రం మా కామారెడ్డి దగ్గరి రాజంపేటలో ఒక రిసెప్షన్‌కు వాయించాల్సి ఉంది.

నా భర్త పగలు కామారెడ్డిలో ఒక రైస్‌మిల్లులో సూపర్‌వైజర్‌గా పనిచేసేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో, వినాయక నవరాత్రుల్లో సంపత్ అనే మిత్రుడి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. డీజేలు వచ్చాక ఆర్కెస్ట్రాను పిలిచేవాళ్ళు తగ్గారు. అయినా ఎవరైనా పిలిస్తే ముందురోజు నుంచే తయారయ్యేవాడు.

ఆ పొద్దున హాల్లో పాత దుప్పటి పరిచి, డ్రమ్మును ఒళ్ళో పెట్టుకున్నట్టుగా దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. స్కిన్ అంటారు కానీ అది పల్చటి తెల్లని ప్లాస్టిక్ రేకు. దాన్ని పట్టి ఉంచే ఇనుప అంచు చుట్టూ ఎనిమిది బోల్టులు ఉంటాయి. ఒకదాన్ని చిన్న కీతో కొద్దిగా తిప్పి, వెంటనే దాని ఎదుటి బోల్టును అంతే తిప్పాలి. తర్వాత ప్రతి బోల్టు దగ్గర పుల్లతో మెల్లగా తట్టి, అన్నిచోట్ల ఒకే స్వరం వస్తోందో లేదో వినాలి. మా అమ్మాయి అప్పటికే కాలేజీకి పోయింది. నేను బడికి పోయే హడావిడిలో వంటింట్లో ఉన్నాను. కుక్కర్ కూత పెట్టింది.

"జర స్టవ్ బంద్ చెయ్యి. ఇనొస్తలేదు," అన్నాడు.

"అన్నం ఉడకొద్దా?"

"ఉడకని అన్నం తింట గని, గిది జర ఇననియ్యి."

స్టవ్ ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దమైంది. చుట్టూ ఒక్కసారి తట్టుకుంటూ వచ్చి, చివరికి నడిమధ్యన గట్టిగా ఒక దెబ్బ కొట్టాడు. తల ఊపి, మోత సాగకుండా మధ్యకు కాస్త పక్కగా ఒక చిన్న టేపు ముక్క అంటించాడు. "అయింది," అన్నాడు. మాట తప్పకుండా ఆ సగం ఉడికిన అన్నమే తిని మిల్లుకు పోయాడు.

మధ్యాహ్నం బడికి ఫోన్ వచ్చింది. నేను దవాఖానకు చేరేసరికి అయిపోయింది. గుండె అన్నారు. మిల్లులో పనిచేసే ఒకాయన తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టాడు. బండిది, ఇంటిది, వాటి పక్కన డ్రమ్ కీ.

కర్మలన్నీ ఎల్లారెడ్డిలో, మా అత్తగారింట్లో జరిగాయి. మూడోరోజు పిట్టకు పెట్టడానికి అందరం పొలం దగ్గరికి పోయాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, దూరంగా జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు అక్కడున్నవాళ్ళు ఒక్కొక్కరే మాట ఇస్తారు.

బగార అన్నం, మటన్, మిర్చి బజ్జీలు, ఒక సిగరెట్టు పెట్టాం. కాకులు బోరు మోటారుకు పోయే కరెంటు తీగ మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కింది.

మా అత్తమ్మ సుభద్రమ్మ చేతులు జోడించింది. "నీ బిడ్డను మంచిగ సదివిస్తం కొడుకా. ముట్టు," అన్నది. దిగలేదు. నన్ను, అత్తమ్మను చూసుకుంటామని బంధువులు చెప్పారు. దిగలేదు. వెనక నుంచి ఎవరో ముసలాయన, "సిగరెట్ ముట్టియ్యకపోతిరి. ఉత్తగ పెడితె ఆడెట్ల తాగుతడు?" అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు.

అప్పుడు సంతోష్ తమ్ముడు అరవింద్ రెండడుగులు ముందుకు పోయాడు.

"అన్నా, నీ డ్రమ్ములు ఎవ్వరికియ్యం. ఇంట్లనే ఉంటయి. వాటి సప్పుడు ఆగనియ్యం."

కొంచెం సేపటికి ఒక కాకి తీగ మీది నుంచి దిగి, ఆకు చుట్టూ తిరిగి, మటన్ ముక్క ఎత్తుకుపోయింది.

"గదే," అన్నది అత్తమ్మ. "వాని పానం గాడ ఉన్నది."

నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. కాకి ఎందుకు దిగిందో నాకు తెలియదు. కానీ ఆ మాట మా అందరి తరఫున ఇచ్చినదే. నేనూ తల ఊపాను.

కామారెడ్డికి తిరిగి వచ్చాక మా అమ్మాయి ఆశ్రిత డ్రమ్ముల ముందు కూర్చుంది. అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. చిన్నప్పటి నుంచి వాళ్ళ డాడీ పక్కన కూర్చుని చూసిందే తప్ప ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. అయినా చెయ్యి తప్పలేదు. ఆ కొద్ది రోజులు నేను బడి నుంచి వచ్చి మెట్లు ఎక్కుతుంటే స్నేర్ వినిపించేది. సంతోష్ బిగించిన బిగువు మీద ఆశ్రిత కొట్టే దెబ్బ. మెట్ల మీదే కాసేపు నిలబడేదాన్ని.

మేముండేది సిద్ధిరాములు గారింట్లో పైఅంతస్తు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. వాళ్ళ అమ్మాయి కాన్పుకు వచ్చి, పసిబిడ్డతో అక్కడే ఉంది. ఒక సాయంత్రం ఆయన పైకి వచ్చి, కూర్చోమంటే కూర్చోకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"టీచరమ్మా, మీకు చెప్పబుద్ధి అయితలేదు. సంతోష్ సారు ఉన్నప్పుడు మేమెన్నడన్న అన్నమా? పసిపోరడు ఉలిక్కిపడి లేస్తుండు. లేస్తే మల్ల పండుకుంటలేడు."

"నేను చెప్త సార్. ఏమనుకోకండి," అన్నాను.

"మీరు ఏమనుకోకుండ్రి," అని ఆయన దిగిపోయాడు.

డ్రమ్ములు ఎల్లారెడ్డి పంపుదామంటే ఆశ్రిత ఒప్పుకోలేదు. పంపితే మోగించేవాళ్ళు లేరు. ఉంచితే మోగించడానికి లేదు. ఇచ్చిన మాట రెండింటి మధ్యా ఇరుక్కుపోయింది. అరవింద్‌కు ఫోన్ చేశాను.

అరవింద్‌కు ఎల్లారెడ్డిలో ఆంప్లిఫయర్లు, మిక్సీలు బాగుచేసే చిన్న షాపు ఉంది. ఒక ఆదివారం ఫోన్‌లో ఏవో వీడియోలు పట్టుకుని వచ్చాడు.

"వదినె, ఈ డ్రమ్ములనే ఎలక్ట్రానిక్ చేద్దాం. కొడితె బయటికి సప్పుడు రాదు. చెవులకు పెట్టుకుంటె మాత్రం మస్తు ఇనొస్తది."

"డ్రమ్ములు ఖరాబ్ అయితయా?"

"ఎందుకైతయి? గిన్నెకు మూత మార్చినట్టే."

"బాబాయ్, నీ మిక్సీ రిపేర్ లెక్క చెయ్యకు," అన్నది ఆశ్రిత. "చివరికి రెండు బోల్టులు మిగులుతయి."

"మిగిలిన బోల్టులతోనే కదనే నా షాపు నడిచేది."

సంతోష్ పోయాక ఆ ఇంట్లో అందరం కలిసి నవ్వింది అదే మొదటిసారి. నేను ఒప్పుకున్నాను.

సామాను కొరియర్‌లో వచ్చింది. వల లాంటి సన్నని గుడ్డతో చేసిన మెష్ స్కిన్లు, నాణెమంత ఇత్తడి బిళ్ళలు, వైర్లు, మాడ్యూల్ అనే చిన్న డబ్బా. అరవింద్ ఎల్లారెడ్డిలోనే డ్రమ్ముల కొలతకు అల్యూమినియం పట్టీలు కోయించాడు. పరుపుల షాపు నుంచి స్పాంజి ముక్కలు తెచ్చాడు. పట్టీని డ్రమ్ము లోపల అడ్డంగా బిగించి, దాని మీద బిళ్ళ, బిళ్ళ మీద స్పాంజి అంటించాలి. స్పాంజి కొస పైనున్న మెష్‌ను తాకాలి. పుల్ల దెబ్బ పడగానే స్పాంజి అదురుతుంది. ఆ అదురు బిళ్ళలో కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. దాన్ని మాడ్యూల్ అందుకుని, తనలో దాచుకున్న డ్రమ్ము శబ్దాన్ని హెడ్‌ఫోన్‌లోకి పంపుతుంది. గ్యాస్ లైటర్‌లో నిప్పురవ్వ ఇలాంటి గుణంతోనే పుడుతుందని నేను పిల్లలకు చెబుతుంటాను. ఆ రోజు ఆశ్రితకు కూడా చెప్పాను.

"మొదలు స్నేర్‌తోటి చేద్దాం. స్కిన్ ఇప్పుదాం. కీ ఏది వదినె?" అన్నాడు అరవింద్.

కీ నా గుత్తిలోనే ఉంది. "నేను ఇప్పుత," అన్నాను.

సంతోష్ ఎలా చేసేవాడో అలాగే చేశాను. ఒక బోల్టు కొద్దిగా, దాని ఎదుటిది అంతే. మళ్ళీ పక్కది, దాని ఎదుటిది. స్కిన్ ఒక్కసారి చిన్నగా కిర్రుమంది. తర్వాత వదులైంది. అరవింద్ చూస్తూ, "అన్న లెక్కనే ఇప్పుతున్నవ్ వదినె," అన్నాడు. ఆ మాటకు నాకు సంతోషమైంది. టేపు ముక్కతో సహా స్కిన్ తీసి, దుమ్ము తుడిచి, బీరువా వెనక గోడకు ఆనించి పెట్టాను. అంచు నొక్కిన చోట గుండ్రంగా ఒక గీత పడి ఉంది.

బిగువు మారితే స్వరం మారుతుందని ధ్వని పాఠంలో ప్రతి ఏడూ చెబుతాను. బల్లకు రబ్బరు బ్యాండు కట్టి, లాగి, వదిలి చూపిస్తాను. ఆ కీ తిప్పుతున్నప్పుడు ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. బోల్టులు సమంగా విప్పుతున్నానా లేదా అన్నదే చూసుకున్నాను.

మిగతా డ్రమ్ములు కూడా విప్పాం. ప్రతి డ్రమ్ము పక్కన వైరు కోసం అరవింద్ ఒక రంధ్రం చేశాడు. కొయ్యపొడి దుప్పటి మీద రాలింది. పెద్ద డ్రమ్ములో పాత బొంత కుక్కాడు. సింబల్స్ అనే ఇత్తడి పళ్ళేలు తీసి కాగితంలో చుట్టి, వాటి చోట రబ్బరు పళ్ళేలు బిగించాడు. చీకటి పడేలోపు వైర్లన్నీ మాడ్యూల్‌కు తగిలించాడు. ఆశ్రిత హెడ్‌ఫోన్ పెట్టుకుని కాలితో పెద్ద డ్రమ్ము పెడల్ తొక్కి, ఆగిపోయింది.

"బాబాయ్, తొక్కితె సింబల్ మోగుతుంది."

"కాలితోని సింబల్ కొట్టేదానివి జిల్లా మొత్తంల నువ్వొక్కదానివే," అని అరవింద్ వైర్లు మార్చాడు.

ఆ తర్వాత అంతా బాగానే సాగింది. గదిలో వినిపించేది పుల్లలు మెష్‌ను తాకే టకటక మాత్రమే. కింద పసివాడు లేవలేదు. నేనూ ఒకసారి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. శుభ్రంగా, నిండుగా ఉంది. ఏదో తేడా ఉందనిపించింది కానీ, యంత్రం కదా, అలాగే ఉంటుందనుకున్నాను. మాట నిలబెట్టుకున్నామన్న తృప్తి కూడా ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు ఇక ఏమీ వినిపించేది కాదు.

కొన్నాళ్ళకు కళ్ళు చూపించుకోవడానికి అత్తమ్మ కామారెడ్డి వచ్చింది. అరవిందే తీసుకువచ్చాడు. వస్తూనే, "ఏదీ, కొట్టు బిడ్డా. నీ డాడీ సప్పుడు ఇంట," అని ఆశ్రిత ఎదురుగా కుర్చీ వేయించుకుంది.

ఆశ్రిత కొట్టింది. అత్తమ్మ దాని చేతులను చూసింది, తర్వాత మమ్మల్ని చూసింది.

"ఏదీ సప్పుడు? పప్పు దంచినట్టు టకటక అంటున్నది."

"దీంట్ల వస్తది నానమ్మా," అని ఆశ్రిత హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టింది. మళ్ళీ కొట్టింది. అత్తమ్మ కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. ముఖంలో ఏ మార్పూ లేదు. తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మంచిగున్నది బిడ్డా. గిది ఎవలిది?"

"మనదే నానమ్మా. డాడీ డ్రమ్సే."

"డ్రమ్ము మనదే. సప్పుడు మనది గాదు." ఆమె గొంతులో కోపం లేదు. "ఆడు కొడితె ముంగట గిన్నె మీద గరిటె వడ్డట్టు టక్కుమనేది. యెన్క ఇసుక రాలినట్టుండేది. ఎల్లారెడ్డిల ఇంట్ల ఎన్నేండ్లు ఇన్న నేను? గిది టీవీల వచ్చినట్టున్నది."

ఆశ్రిత మాడ్యూల్ పట్టుకుని ఏవో బటన్లు నొక్కింది. స్నేర్ శబ్దాలు ఒక్కొక్కటే మార్చి వాళ్ళ నానమ్మకు వినిపించింది. అత్తమ్మ ప్రతిదానికీ అడ్డంగా తల ఊపింది.

"అమ్మా," అన్నది ఆశ్రిత. "మన సొంత సౌండ్ దీంట్ల ఎక్కించొచ్చట. పెన్‌డ్రైవ్‌తోటి. మన డ్రమ్ము కొట్టి రికార్డ్ చేసి పెడితె, మెష్ మీద కొట్టినప్పుడు అదే మోగుతదట." చెబుతూ చెబుతూ దాని గొంతు తగ్గిపోయింది. రికార్డు చేయడానికి డ్రమ్ము ఉంది, స్కిన్ ఉంది. బిగువు లేదు.

నేను అరవింద్ వైపు చూశాను.

"ఆ వీడియో చివర్ల చెప్పిండు వదినె," అన్నాడు అతను నేల చూస్తూ. "ఇప్పేముందు అన్ని డ్రమ్ములు రికార్డ్ చేసుకోండ్రి అని. నేను చివరిదాక సూడలె. వైరింగ్ దాక చూసి ఆపేసిన. మొన్ననే చూసిన."

"బోల్టులు ఇప్పింది నేను," అన్నాను.

రికార్డు ఎక్కడో ఒకచోట ఉండకపోదని అరవింద్ ధైర్యం చెప్పాడు. మరుసటి ఆదివారం నేను బస్సెక్కి ఎల్లారెడ్డి పోయాను. అక్కడ సంతోష్ వాయించిన పెళ్ళిళ్ళు చాలా వాటికి వీడియో తీసినాయన ఉన్నాడు. మంచి మనిషి. కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటే తెరిచాడు. సంతోష్ కనిపించాడు. ఎర్ర చొక్కా వేసుకున్న సంతోష్, కళ్ళజోడు పెట్టుకున్న సంతోష్, కెమెరా తన మీదికి వచ్చిందని చూసి నవ్వుతున్న సంతోష్. పుల్లలు లేస్తున్నాయి, పడుతున్నాయి. వినిపించేది మాత్రం సినిమా పాటలు.

"అసలు సౌండ్ తీసేసి పాటలు ఎక్కిస్తం మేడం," అన్నాడాయన. "అందరు గట్లనే అడుగుతరు. ఒరిజినల్ ఉంచుకోం, జాగ సరిపోదు."

సంపత్ ఫోన్‌లో కొన్ని ముక్కలు దొరికాయి. కీబోర్డు, పాట, ఈలలు, పిల్లల అరుపులు. వాటి కింద ఎక్కడో డ్రమ్ము. ఆశ్రిత కంప్యూటర్‌లో ఒక్క దెబ్బను విడదీయాలని చాలా ప్రయత్నించింది. విడదీసినప్పుడల్లా దానికి ఎవరి గొంతో అంటుకుని వచ్చింది. అవి కూడా అంతకుముందున్న స్కిన్ మీద కొట్టినవి. ఆ పొద్దున బిగించినదాన్ని సంతోష్ నడిమధ్యన కొట్టింది ఒక్క దెబ్బే. దాన్ని విన్నది నేనొక్కదాన్నే.

సంపత్‌ను ఇంటికి పిలిచి, స్కిన్ మళ్ళీ వేసి బిగించగలవా అని అడిగాను.

"నేను కీబోర్డోణ్ణి మేడం," అన్నాడు. "నిజామాబాద్‌ల మంచి డ్రమ్మర్ ఉన్నడు, పట్టుకొస్త. ఫస్ట్ క్లాస్ బిగిస్తడు. గని అది ఆయన బిగించినట్టుంటది. సంతోషన్న చెవి వేరు."

వద్దన్నాను.

ఈలోగా కింది ఇంటి అమ్మాయి బిడ్డను తీసుకుని రామారెడ్డిలో ఉన్న అత్తగారింటికి పోయింది. సిద్ధిరాములు గారు మెట్ల దగ్గర కనిపించి, "ఇగ కొట్టుకోమనుండ్రి టీచరమ్మా. ఇల్లంత సిన్నవోయింది. ఏదో ఒక సప్పుడుండాలె," అన్నాడు. సరే సార్ అన్నాను.

ఆశ్రిత స్నేర్ నుంచి మెష్, స్పాంజి, బిళ్ళ తీసేసింది. బీరువా వెనక నుంచి ఆ స్కిన్ తెచ్చి, ఇదివరకు పడిన గుండ్రని గీత అంచు మీదికి వచ్చేలా సరిచేసి పెట్టింది. సంతోష్ అంటించిన టేపు ముక్క అలాగే ఉంది. బోల్టులు వేళ్ళతో తిరిగినంత మేర తిప్పి, తట్టి చూసింది. అట్టపెట్టె మీద కొట్టినట్టుంది. తను బిగించలేదు. లేచి నిలబడి నాకు చోటిచ్చింది.

"నువ్వే బిగించమ్మా. డాడీ కొట్టంగ విన్నది నువ్వు కదా. నేను కొట్టిన రోజుల్ల ఆ సప్పుడు మీద ధ్యాస పెట్టలే."

"ఆ సప్పుడు గుర్తుకు రానియ్యి, చేస్త," అన్నాను.

సంవత్సరీకానికి మళ్ళీ అదే పొలానికి పోయాం. అదే వంటలు. పొద్దటి నుంచి అత్తమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇచ్చిన మాట తప్పామని, ఈసారి పిట్ట ముట్టదని ఆమె భయం. ఆ భయం నాకూ ఉన్నదని ఆమెకు చెప్పలేదు. ఆకు పెట్టి మేము నాలుగడుగులు వెనక్కి వేశామో లేదో, కాకి వచ్చి వాలింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు. అది తిని, ముక్కు ఆకుకు తుడుచుకుని, ఇంకోదాన్ని పిలిచింది.

"వానికి కోపం లేదు బిడ్డా," అన్నది అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని.

"ఈసారి సిగరెట్ ముట్టించిన," అన్నాడు అరవింద్. అత్తమ్మ అతని భుజం మీద మెల్లగా ఒక దెబ్బ వేసింది.

వాళ్ళిద్దరి మనసూ తేలికపడింది. అది మంచిదే. తిరుగు బస్సులో తాడ్వాయి దాటేదాకా నేను గుత్తిని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆశ్రిత మిగతా డ్రమ్ములను హెడ్‌ఫోన్‌లోనే వాయిస్తుంది. ఎడమచేతి దగ్గర స్నేర్ ఉంటుంది, దాని దెబ్బ వచ్చే చోట ఆశ్రిత చెయ్యి గాలిలో ఆగుతుంది. సెలవురోజు పొద్దున నేను పాత దుప్పటి పరిచి డ్రమ్మును ముందు పెట్టుకుంటాను. మొదటి బోల్టుకు కీ తగిలించి, పుల్లతో తట్టి వింటాను. స్వరం ఎంత పైకి పోవాలో గుర్తు తెచ్చుకోవాలని చూస్తాను. ఆయన మాట గుర్తొస్తుంది, కుక్కర్ గుర్తొస్తుంది, తల ఊపిన తీరు గుర్తొస్తుంది. నడిమధ్యన కొట్టిన ఆ దెబ్బ రాదు. కీ తీసి మళ్ళీ గుత్తికి తగిలిస్తాను.

స్కిన్ వేసి ఉంది. బోల్టులు ఎనిమిదీ వాటి చోట ఉన్నాయి. ఇంకా బిగించలేదు.